మధ్యన రాయవలసిన పేరు

మా పంతులుగారు పోయారని నిన్న పొద్దున్న రాజోలు రేవులో పడవవాడు చెప్పాడు. ఏడుపొచ్చింది. ఆయన అరుగు నిండా చేరి ఆయన్నే పొగుడుతున్నవాళ్ళని చూశాక ఆ ఏడుపు కాస్తా కోపమైంది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని నాకూ లేదు.

గోదావరికి ఆనకట్ట కట్టి, కాలవలు తవ్విస్తున్న రోజుల్లో ఆయన దగ్గర చదివాను. కాలవ వంపు తిరిగే చోట వృత్తం గీసి, కేంద్రం దగ్గర కోణమెంతో ఇంగ్లీషులో తప్పు లేకుండా రాసిచ్చినవాడికే దొరలు కొలతల ఉద్యోగం ఇచ్చేవారు. అది నేర్పే మనిషి మా చుట్టుపక్కల ఆయనొక్కరే. మాలపేట నుంచి వెళ్ళిన నన్నూ చేర్చుకున్నారు. అందరూ లోపల, నేను చూరు కింద.

ఆయన ఇసకలో వృత్తం గీసి, కేంద్రంలో ఒకణ్ణి నిలబెట్టి, వాడి చేతికి రెండు కొబ్బరితాళ్ళు ఇచ్చేవారు. వాటి కొసలు అంచున నిలబడ్డ ఇద్దరికి. పొడుం పీల్చి, తుమ్మాక, రాయండనేవారు. కోణానికి మూడు పేర్లు రాయాలి. కేంద్రంలో ఉన్నవాడి పేరు మధ్యన లేకపోతే ఎంత మంచి ఇంగ్లీషైనా కొట్టేసేవారు. కోణం బదులు అంచు వంపుని కొలిచి రాసినవాణ్ణి, పొలం ఎంతని అడిగితే గట్టు పొడుగు చెబుతావేంట్రా అని ఆటపట్టించేవారు.

ఒకరోజు నన్ను కేంద్రంలో నిలబెట్టారు. మునసబుగారి కొడుకులిద్దరూ తాళ్ళు కింద పడేశారు. పలకల మీద వాళ్ళ పేర్లు రాసుకుని మధ్యన ఖాళీ వదిలారు.

"రెండు పేర్లే రాస్తే అది గీతరా. కోణం అవ్వదు," అన్నారు పంతులుగారు నెమ్మదిగా.

సాయంత్రం మునసబుగారు వచ్చి, మధ్యన మేకు పాతుకోమన్నారు. మేకుతో లెక్కకేం లోటని అడిగారు.

"ఆయ్, లోటేం లేదండీ. కానీ రేపు దొరగారి ముందు రాయాల్సింది మేకు కాదండీ, ఈ కుర్రోడు."

మర్నాటి నుంచి బడికి నేనొక్కణ్ణే. ఆయన ఇంటికి చాకలి రాలేదు, మంగలి రాలేదు, పాలు పోసే మనిషి రాలేదు. మాసిన పంచెతోనే నాకు పాఠం పూర్తిచేశారు. నాకు ఉద్యోగం వచ్చింది, ఆయనకి దగ్గు పట్టుకుంది. ఊరి వైద్యుడు ఆ గడప తొక్కలేదు. ఇది చంపడం కాదంటే నేను ఒప్పుకోను.

నిన్న అదే మునసబుగారు అదే అరుగు మీద కూచుని, ఇలాంటి గురువు మళ్ళీ పుట్టడని కళ్ళు తుడుచుకుంటున్నారు. నన్ను చూసి దడి అవతలే ఆగమన్నారు. నేను గడప దాటితే పాడె ఎవరూ మొయ్యరన్నారు.

లోపలినుంచి పంతులుగారి భార్య వచ్చారు. మునసబుగారి వైపు తిరిగారు.

"మొయ్యకండి బాబూ. ఆయన బతికుండగా పలకరించేరా, ఇప్పుడు మొయ్యడానికి? నువ్వు లోపలికి రా నాయనా. మీ పంతులుగారి మొహం చూసుకో."

వెళ్ళాను. అరుగు ఖాళీ అయిపోయింది. కబురు పంపితే మా నాన్న, ఇద్దరు చిన్నాన్నలు వచ్చారు. పాడె మేమే ఎత్తాం. ఆయనకి కొడుకుల్లేరు, నిప్పుకుండ ఆవిడే పట్టుకున్నారు. మమ్మల్ని ఎన్నడూ నడవనివ్వని పెద్దవీధిలో నడిచాం. ఒక్కొక్క ఇంటి తలుపే మూసుకుంది.

మునసబుగారి వాకిట ఆవిడ ఆగారు. దింపుడుకళ్లం ఇక్కడేనన్నారు. పాడె దించి, అయినవాళ్ళు పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలిచే ఆచారం అది. నువ్వే పిలవమని నాతో అన్నారు.

మూసిన ఆ తలుపులకి వినపడేలా పిలిచాను. "పంతులుగారండీ."