పంటు మీద ఆగిన అంబాసిడర్

మా అత్తయ్యగారికి వారానికి రెండుసార్లు కాకినాడలో డయాలసిస్. అమలాపురం నుంచి మామయ్యగారి నాటి అంబాసిడర్‌లోనే తీసుకెళ్తాం. ఎండకు ఆవిడ సొమ్మసిల్లిపోతున్నారని మావారు పోయిన వేసవిలో దానికి బ్యాటరీతో నడిచే ఏసీ పెట్టించారు. ఇంజన్ ఆపినా అది తిరుగుతుంది.

ఏసీ పెట్టించాక మొదటిరోజు ముక్తేశ్వరం రేవులో కారును గోదావరి దాటించే పంటు ఎక్కించి, ఇంజన్ ఆపి మావారు దిగారు. "ఏసీ కట్టేసెయ్, బ్యాటరీ అయిపోద్ది" అన్నారు. అత్తయ్యగారు నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నారు. ఎన్నాళ్లకో పట్టిన నిద్ర. కట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు.

కోటిపల్లి ఒడ్డుకు చేరాక కారు స్టార్ట్ కాలేదు. వేళ దాటితే ఆస్పత్రిలో మా మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. వెనక ఆటోల హారన్లు.

"ముసలి కారుకి కొత్త సోకులెందుకండీ బాబూ" అన్నాడు ఒక ఆటో ఆయన.

నేను దిగి, "తప్పు నాదేనండి. లోపల డయాలసిస్ పేషెంటు ఉన్నారు" అన్నాను.

"ఆయ్, ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ" అంటూ ఆయనే మొదట చెయ్యి వేశాడు. ఎనిమిది మంది పంటు మీంచి దింపి ఇసుకలో తోస్తే ఇంజన్ అందుకుంది.

ద్రాక్షారామం దాటాక అత్తయ్యగారు కళ్లు తెరిచారు. "హారన్లకే మెలకువొచ్చేసిందమ్మా. దిగి నడవలేను. నన్ను కూర్చోబెట్టి అంతమంది తోస్తుంటే చూడలేక కళ్లు మూసుకున్నాను" అన్నారు.

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వేళకే చేరాం. ఆ ఎనిమిది మంది పేర్లు తెలియవు. ఎంత అలిసిపోయి ఇల్లు చేరినా, దీపం పెట్టేటప్పుడు వాళ్లు చల్లగా ఉండాలని దండం పెట్టుకుంటాను.