గోలీకి బదులు ఏమొచ్చింది

లోర్న్ హుడైమా కారు కాడ్‌విల్ ఊరు దాటాక మంచు పట్టిన మలుపులో జారి, రోడ్డు పక్క గోతిలో ముక్కు పెట్టి కూర్చుంది. మధ్యాహ్నంలోగా అతను వెస్ట్రీ చేరాలి. అక్కడి ఐస్ హాకీ జట్టుకు మేనేజరు కావాలట. ఈ వయసులో అతన్ని రమ్మన్నది ఆ ఒక్క జట్టే. ఇది కూడా చేజారితే ఇక హాకీ లేదు.

మంచు తోసే బండి ఒకటి వచ్చి ఆగింది. దిగినవాడు టోపీ వెనక్కి నెట్టి నవ్వాడు.

"ఏంటి బాస్, గోతిలో కూడా టికెట్లు అమ్ముతున్నారా?"

ఆర్వో పెంటినెన్. ఒకప్పుడు లోర్న్ జట్టులో గోలీ, అంటే గోలు కాపలా కాసేవాడు.

పెద్ద లీగు మేనేజర్లు టీవీలో కనిపిస్తారు. చిన్న లీగు మేనేజరు బతుకు వేరు. లోర్న్ గేటు దగ్గర టికెట్లు అమ్మాడు, బస్సు డ్రైవరు తాగి పడుకుంటే స్టీరింగు పట్టాడు, వంటవాడు మానేస్తే సాసేజిలు కాల్చాడు, కోచ్‌ను తీసేసిన రోజున తనే బెంచీ వెనక నిలబడి అరిచాడు. ఏ ఊళ్లోనూ జనం అతని పేరు తలచుకోలేదు, తిట్టడానికి తప్ప.

పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడే వాళ్లున్నారు. ఎంత గుట్టుగా ఆడినా, చివరికి ధర తేలనిదే ఎద్దును వదలరు. హాకీ మేనేజర్లు వదులుతారు. ఆటగాణ్ణి ఇవాళే వేరే జట్టుకు ఇచ్చేస్తారు, బదులుగా ఏమిటన్నది "తర్వాత చూసుకుందాం" అంటారు. ఒప్పందంలో కూడా ఆ ముక్కే రాస్తారు. ఎవరికీ నవ్వు రాదు.

ఆర్వోను లోర్న్ అలాగే ఇచ్చేశాడు. దారిలో పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆపించి, అతని సంచీ దింపించాడు.

"గొలుసు వేసి లాగుతావా?" అన్నాడు లోర్న్. "నాకు టైము లేదు."

"వేస్తా. ముందు ఒక మాట చెప్పండి. నా బదులు ఎవడొచ్చాడు?"

"ఇప్పుడెందుకయ్యా అది?"

"ఎందుకేంటి? ఆ తర్వాత ఏళ్లపాటు పేపర్లో మీ జట్టు పేర్లు వెతుక్కున్నా. వీడేనేమో, కాదు వాడేనేమో అని. ఒకడు బాగా గోల్స్ కొడుతుంటే, అబ్బ, వీడే అయ్యుంటాడు అనుకున్నా. మా ఆవిడకి కూడా అదే చెప్పా."

ఒక అబద్ధం చాలు. లోర్న్ బతుకంతా అబద్ధాలు అమ్మి తిన్నవాడే. నోరు తెరిచాడు కూడా. చలికో, వయసుకో, నిజమే బయటపడింది.

"ఎవరూ రాలేదు. ఆ ఏడు నా ఉద్యోగమే ఊగుతోంది. నిన్ను తీసుకున్నవాళ్లను అడగాలి... అడగడం మరిచిపోయాను."

ఆర్వో చేతి తొడుగులు దులుపుకున్నాడు.

"మరిచిపోయారా."

"అవును."

"తక్కువకి ఇచ్చేశారనుకున్నా బాస్. ఓ డజను హాకీ కర్రలకో, పాత బస్సు టైర్లకో. అదైనా నయమే, టైరుకి ఓ లెక్కుంటుంది."

వంగి కారు కిందికి చూశాడు. ముందు చక్రం పక్కకి ఒరిగిపోయింది.

"దీన్ని లాగినా నడవదు. ఎక్కండి, వెస్ట్రీలో దింపుతా. నేను అటే." తలుపు తీసి, సీటు మీది టిఫిన్ డబ్బా పక్కకి జరిపాడు. "అక్కడివాళ్లు మిమ్మల్ని పెట్టుకుంటే మంచిదే. గోలీ సంగతి మాత్రం చెప్పకండి. మా బావమరిది వాళ్ల జట్టులోనే ఆడుతున్నాడు, వాడి చెవిన పడితే మా ఆవిడకి చేరుతుంది."

లోర్న్ ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. లోపల వెచ్చగా ఉంది. ఇంకో గంటలో ఎవరి ఎదుటో కూర్చుని, ఆ బావమరిదిని ఎవరికి ఇచ్చి ఎవరిని తెస్తాడో నవ్వుతూ చెప్పాలి. చెప్పగలడు. అది తప్ప అతనికి వచ్చిన పని లేదు.

కాలు తీసేశాడు. కారులోంచి సంచీ అందుకుని, కాడ్‌విల్ వైపు తిరిగాడు.

"బాస్! వెస్ట్రీ ఇటు!" అని ఆర్వో అరిచాడు. "బాస్, పిచ్చా ఏంటి? చచ్చిపోతారు చలికి!"

లోర్న్ తల తిప్పలేదు. కొత్తగా తోసిన రోడ్డు మీద సంచీ భుజం మార్చుకుంటూ నడుచుకుంటూ పోయాడు.