యాదమ్మ కుడిచేయి

2001లో నాచారంలోని ఒక మందుల కంపెనీ డిస్పెన్సరీలో స్టాఫ్ నర్సుగా చేరాను. డాక్టరుగారు వారానికి రెండు రోజులే వచ్చేవారు. కట్లు కట్టడం, బీపీ చూడడం, హెల్త్ కార్డులు రాయడం నా పని. ఇది 2007 ఎండాకాలంలో జరిగింది.

ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే యాదమ్మకు అప్పటికి ముప్పై ఐదేళ్లుంటాయి. నల్లగొండ వైపు నుంచి వచ్చి మల్లాపూర్‌లో అద్దెకుండేది. నేను చేరిన ఏడాది నుంచీ తలనొప్పి అంటూ నెలకోసారైనా వచ్చేది. బీపీ చూస్తే నూటపదహారో, నూటపద్దెనిమిదో ఉండేది. కార్డులో రాసి, మాత్ర ఇచ్చి, నీళ్లు బాగా తాగమని పంపేసేదాన్ని.

ఆ ఎండాకాలంలో ఒకరోజు సీలింగ్ మిషన్ తగిలి ఎడమ మోచేతి మడత దగ్గర కాలి వచ్చింది. మందు రాసి కట్టు కట్టాను.

"సిస్టర్, తల పగులుతుంది. జర బీపీ గూడ సూడున్రి" అంది.

ఎడమచేతికి కట్టు ఉంది కాబట్టి బీపీ మిషన్ పట్టా కుడిచేతికి చుట్టాను. గాలి కొడితే పట్టా బిగిసి చేతిలో రక్తం ఆగుతుంది. మెల్లగా వదులుతుంటే స్టెతస్కోపులో మొదటి చప్పుడు వినిపించే సమయానికి పాదరసం ఎక్కడుంటే అదే పై నంబరు. అలవాటుగా నూటయాభై దాకా కొట్టాను. రక్తం ఆగలేదు, చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇంకా కొట్టాను. చివరికి పై నంబరు రెండువందల పద్నాలుగు, కింది నంబరు నూటఇరవై.

మిషన్ చెడిందనుకుని నా చేతికి చుట్టుకున్నాను. నూటఇరవై నాలుగు. మళ్లీ ఆమె కుడిచేతికి చూస్తే అదే రెండువందల పద్నాలుగు.

"ఏమైంది సిస్టర్, గట్ల జూస్తున్నరు?"

ఆమె రెండు మణికట్లూ పట్టుకున్నాను. కుడి నాడి గట్టిగా కొట్టుకుంటోంది. ఎడమది వెతికితే గానీ దొరకలేదు.

అదృష్టవశాత్తూ అది డాక్టరుగారు వచ్చే రోజు. ఆయన పరీక్షించి, ఎడమచేతికి వెళ్లే రక్తనాళం భుజం దగ్గర సన్నబడిందని, అందుకే ఆ చేతిలో తక్కువ చూపిస్తోందని, అసలు బీపీ కుడిచేతిదేనని చెప్పారు. ఇన్నాళ్లూ ఏ చేతికి చూశారని అడిగారు. ఎడమచేతికని చెప్పాను. నా బల్ల గోడవారగా ఉండేది. కూర్చున్నవాళ్ల ఎడమచేయే నాకు అందేది. యాదమ్మ చేతిలో చప్పుడు సన్నగా వినిపించడం నేను గమనించకపోలేదు. పక్క షెడ్డులోని మిషన్ల హోరు వల్ల అనుకున్నాను.

యాదమ్మ అంతా వింది. "గిన్నేండ్లు మంచిగనే ఉందంటిరి గద సిస్టర్?" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే.

కంపెనీ వ్యానులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఇన్నేళ్ల బీపీ వల్ల మూత్రపిండాలు అప్పటికే కొంత దెబ్బతిన్నాయని, ఆ నష్టం తిరిగి పూడదని, మిగిలినది మందులతో కాపాడవచ్చని చెప్పారు. రెండు నెలల తర్వాత ఆమె తేలిక పనిలో చేరింది.

ఈలోగా బల్లను గోడ నుంచి జరిపించి, కార్మికులందరికీ రెండు చేతులకూ మళ్లీ చూశాను. అంత తేడా ఇంకెవరికీ రాలేదు.

మొదటిసారి చూసేటప్పుడు రెండు చేతులకూ చూడాలని, ఎక్కువ వచ్చిన చేతినే లెక్కలోకి తీసుకోవాలని నేను నర్సింగ్‌లో చదివాను, పరీక్షలో రాశాను కూడా. రెండో చేతికి పట్టా చుట్టి చూడడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా యాదమ్మకు నేను ఆ రెండు నిమిషాలు ఇవ్వలేదు.