కాలవలోకి దించింది ఆయన బ్రేకు కాదు

మేస్త్రీ గారు పోయారన్న కబురు నాకు ఏలూరు స్టేషను బయట తెలిసింది. తాడేపల్లిగూడెం నుంచి పొద్దుటి రైల్లో వచ్చిన ధాన్యం వర్తకుడొకాయన నా మోటారు ఎక్కి, గొడుగు కాళ్ల మధ్య సర్దుకుంటూ, "మీ బ్రేకుల మేస్త్రీ ఈ తెల్లవారుజామున పోయాడండీ. మూడు రోజుల జ్వరమే," అన్నాడు. నేను బండి ముందు నిలబడి ఇంజిను లేపడానికి హ్యాండిలు తిప్పబోతున్నాను. ఇలాంటప్పుడు ఎవరికైనా ఏడుపు వస్తుంది. నాకు ముందు కోపం వచ్చింది.

ఆ కోపం ఏడేళ్లది. ఏడేళ్ల కిందట గుండుగొలను కాలవ దగ్గర ఆయన పదిమంది ముందు ఒక అబద్ధం చెప్పారు. నా కోసం చెప్పారు. చెప్పమని నేను అడగలేదు. నన్ను అడక్కుండా నా తప్పు తీసి తన నెత్తిన పెట్టుకోమని ఆయనకెవరు చెప్పారు? ఈ మాట మొహం మీద అడగాలని ఎన్నిసార్లు ఆ షెడ్డుకి వెళ్లానో లెక్కలేదు. వెళ్లినప్పుడల్లా ముంతతో మజ్జిగ ఇచ్చేవారు. తాగి వచ్చేసేవాణ్ణి. ఇప్పుడింక అడగడానికి మనిషి లేరు. అందుకని మీకు చెబుతున్నాను. నా చదువు వీధిబడిలో గుణింతాల దగ్గర ఆగిపోయింది. అక్షరాల్లో తప్పులుంటే పత్రిక వాళ్లు దిద్దుకుంటారు. సంగతిని మాత్రం దిద్దవద్దని వాళ్లకి ముందే చెప్పాను.

నేను ముప్పై ఏళ్లు ఎడ్లబండి తోలాను. కొల్లేటి గట్టు నుంచి ఏలూరు దాకా ధాన్యం, చేపలు, తుంగచాపలు, ఏది ఎత్తితే అది. మోటార్లు వచ్చాక బండి బాడుగలు పడిపోతే, ఎడ్లు అమ్మేసి, మూడు చేతులు మారిన పాత అమెరికా మోటారు ఒకటి కొన్నాను. యాభై దాటాక స్టీరింగు పట్టాను. అయినా ఆ రోడ్డున నాకంటే నమ్మకంగా మనుషుల్ని చేరవేసినవాడు లేడు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతే ఇదంతా.

ఆ పాత మోడలు బండికి కాలి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ఇంజిను వెనకాల గేరు పెట్టెలో ఉంటుంది. వెనక చక్రాల్లో ఉన్న చిన్న డ్రమ్ములు ఆగిన బండిని కదలకుండా పట్టి ఉంచడానికే. నలుగురు ఎక్కి వాలు దిగుతుంటే గేరు పెట్టె మూలిగేది గానీ బండి ఆగేది కాదు. అందుకని నా సీటు కింద ఒక తుమ్మ దుంగ పెట్టుకునేవాణ్ణి. వాలు మీద ఆగవలసి వస్తే దూకి వెనక చక్రం కింద పెట్టేవాణ్ణి.

తాడేపల్లిగూడెంలో మేస్త్రీ గారి షెడ్డు ముందు మొదటిసారి ఆగినప్పుడు కూడా అదే చేశాను. ఆయన బయటికి వచ్చి, మోటారు వంక చూడలేదు. దుంగ వంక చూశారు.

"ఏవండీ బావగారూ, ఎడ్లు ఏవీ?" అన్నారు.

నాకు మండింది. "అమ్మేశానండీ."

"ఎడ్లని అమ్మి దుంగని ఉంచుకున్నారన్న మాట. రండి, ఎండలో నిలబడకండి."

ముక్కూ మొహం తెలియని మనిషి బావగారూ అన్నాడని కోపం రావాలి. రాలేదు. ఆ రోజు నుంచి ఆయన నాకు బావగారే అయ్యారు, ఆయన ఇల్లాలు చెల్లెమ్మ అయింది. కానీ నేను ఆయన్ని మేస్త్రీ గారూ అనే పిలిచాను, ఆయన చేతిపని ముందు మరో పిలుపు చిన్నదిగా తోచేది.

కొత్త మోడలు బళ్లకి వెనక చక్రాల్లో పెద్ద డ్రమ్ములు వచ్చాయని, లోపల పట్టీ అతికించిన రెండు రెక్కలుంటాయని, కాలు నొక్కితే రెక్కలు విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి పట్టుకుంటాయని ఆయనే చెప్పారు. అవి నా పాత బండికి పెడతానన్నారు. "పెద్దింటి కోడలి నగలు పేదింటి ముసలమ్మకి పెట్టినట్టుంటుందేమోనండీ," అన్నాను. "ముసలమ్మకే పట్టు కావాలండీ బావగారూ. కోడలు ఎలాగో నిలబడుతుంది," అన్నారు.

కలిదిండి వైపు ఒక కొత్త మోడలు మోటారు వరదలో మునిగి, ఇంజిను పాడై, ఒక మెరక మీద పడి ఉందని ఆయనకి తెలుసు. ఇద్దరం వెళ్లాం. రోడ్డు ఉన్నంత దాకా నా మోటారులో, అక్కడి నుంచి తాటి దోనెలో. ఆయనకి ఈత రాదు. దోనె ఊగినప్పుడల్లా నా భుజం పట్టుకుని, "దీనికి బ్రేకు ఎక్కడుందండీ?" అని దోనెవాణ్ణి అడిగేవారు. వెనక ఇరుసు నుంచి డ్రమ్ములూ రెక్కలూ రాడ్లూ విప్పి, తడి గోనెల్లో చుట్టి దోనెలో పెట్టుకుంటుంటే, వలలు ఆరేసుకుంటున్న వాళ్లు నవ్వారు. "మా కొల్లేట్లో చేపలు అయిపోయాయా ఏంటండీ, చక్రాలు పట్టుకెళ్తన్నారు?" అని ఒకాయన. "ఇవి పులుసుకి రావు గానీ, మిమ్మల్ని పట్నం నుంచి ముక్కలవకుండా ఇంటికి తెస్తాయండీ," అన్నారు మేస్త్రీ గారు. పోయేముందు వాళ్లు ఆయన చేతిలో రెండు కొర్రమీనులు పెట్టారు. ఆయన ముట్టరు. నాకిచ్చారు.

అమర్చడానికి తొమ్మిది రోజులు పట్టింది. కొత్త డ్రమ్ము వెనక పళ్లెం చిల్లులు నా ఇరుసు చిల్లులకి సరిపోలేదు. ఆయన వెళ్లి చెల్లెమ్మ ముగ్గుడబ్బా తెచ్చి, షెడ్డు నేల మీద పిండితో ఇరుసు బొమ్మ గీసి, దాని చుట్టూ కూర్చుని ఒక పూటంతా చూశారు. చెల్లెమ్మ గుమ్మంలో నిలబడి, "నా పిండంతా మీ చక్రాలకే అయిపోతే వాకిట్లో ఏం వెయ్యను?" అంది. "నువ్వేసినది పొద్దెక్కితే చెరిగిపోతుందే. నాది ఏలూరు దాకా తిరుగుతుంది," అన్నారు. తరవాత ఆకురాయి పట్టారు. మిషను లేదు. అంతా చేత్తోనే. గీత దాటకుండా, తొందర లేకుండా. అయిపోయిందా అని నేను అడిగితే ఎప్పుడూ అయిపోయింది అనేవారు కాదు. "ఎక్కి చూడండి" అనేవారు.

ఆ ఎక్కి చూడటం ఎలాగో చెబుతాను. చెల్లెమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి, ఆవిడ ఒళ్లో అంచు దాకా నింపిన ఇత్తడి బిందె పెట్టారు. నన్ను వేగంగా నడిపి ఆపమన్నారు. మొదటిసారి సగం బిందె ఆవిడ చీర మీదే పడింది. "ఎడమ చక్రం ముందు పడుతోందండీ," అని ఆయన రాడ్డు మర సవరించడానికి కిందకి దూరారు. "చీర ఎవరు పిండుతారు?" అంది ఆవిడ. నాలుగోసారి బండి నిలిచింది, నీళ్లు ఒక్కసారి అంచు దాకా వచ్చి వెనక్కి పోయాయి. చుక్క పడలేదు. "బండి ఆగడం గొప్ప కాదండీ బావగారూ. లోపలున్నవాళ్లకి తెలియకుండా ఆగాలి," అన్నారు. తుమ్మ దుంగ చెల్లెమ్మ పొయ్యిలోకి పోయింది.

ఇక నా తప్పు. కొత్త పట్టీలు నొక్కినప్పుడల్లా కీచుమని అరిచేవి. "కొన్నాళ్లు అరుస్తాయి. సర్దుకుంటాయి. వాటి జోలికి పోకండి," అని చెప్పి పంపించారు. కానీ ఏలూరు స్టేషను దగ్గర జట్కా వాళ్లు ఊరుకుంటారా? నేను ఆగగానే, "కీచురాయి వచ్చిందిరోయ్!" అనేవారు. ముప్పై ఏళ్లు బండి తోలినవాణ్ణి. చక్రం అరిస్తే బండివాడికి తలవంపులు. మా ఇళ్లలో చక్రం అరిచిందంటే ఆ పూటే కందెన పెట్టాలి. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసుకున్న కందెన ఇంకా నా దగ్గర ఉంది. ఒక పొద్దున్న పుల్లకి చుట్టి, రెండు డ్రమ్ముల వెనక సందుల్లోంచి దట్టంగా పట్టించాను. అరుపు పోయింది. పట్టుకోవలసిన చోట జారే సరుకు పెడుతున్నానని నా బుర్రకి తట్టలేదు. చక్రానికి మేలు చేశాననుకున్నాను.

మర్నాడు గుండుగొలను దగ్గర కాలవ గట్టు దిగుతున్నాను. బండిలో ముగ్గురు. కాలు నొక్కాను. బ్రేకు అరవలేదు. పట్టలేదు కూడా. బండి తిన్నగా నీళ్లలోకి దిగింది. దేవుడి దయ, ఎవరికీ ప్రాణం పోలేదు. ముగ్గురిలో ఒకాయన చెయ్యి విరిగింది. ఆయన మా మోటారు యజమానుల సంఘం అధ్యక్షుడి తమ్ముడు.

కబురు వెళితే మేస్త్రీ గారు మధ్యాహ్నానికి వచ్చారు. ఎడ్లని కట్టి బండిని గట్టు మీదికి లాగించారు. అధ్యక్షుడూ, ఆయన మనుషులూ, ఊళ్లో వాళ్లూ చుట్టూ ఉన్నారు. ఆయన గొంతుక్కూర్చుని కుడి డ్రమ్ము ఊడదీశారు. లోపల వేలు పెట్టారు. వేలు ముక్కు దగ్గరికి తీసుకెళ్లారు. నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. భుజం మీది కండువా తీసి లోపలంతా తుడిచేశారు. రెండోదీ అంతే. లేచి నిలబడి, "తప్పు నాదేనండీ. పట్టీ సరిగా అతకలేదు," అన్నారు.

లైసెన్సు పోతే నేను బతకలేనని ఆయనకి తెలుసు. ఎడ్లు కూడా లేవు మరి. అప్పుడు నేను నోరు విప్పాలి. విప్పలేదు. అదీ సంగతి.

ఆ వారమే సంఘం తీర్మానం చేసింది. సభ్యులెవరూ ఆ షెడ్డులో బ్రేకు పని చేయించరాదని. అధ్యక్షుడు ఆ కాగితం బాడుగ కార్ల ఆఫీసులన్నింటికీ పంపించాడు. మోటార్ల రాక ఆగిపోయింది. పోతూ పోతూ డ్రైవర్లు ఆ షెడ్డు ముందు, "కాలవలోకి దించే మేస్త్రీ గారూ, క్షేమమా?" అని కేకలేసేవారు. ఆయన నీళ్ల ఇంజిన్లు, బియ్యం మిల్లు బెల్టులు, కుట్టుమిషన్లు బాగుచేసుకుని బతికారు. నా బ్రేకులు మాత్రం ఆయనే చూసేవారు. నా బండి కాలవ నుంచి వచ్చాక కొత్త పట్టీలు వేసి, తాళం చెవి చేతిలో పెడుతూ ఒకే ఒక్క మాట అన్నారు: "అరిచే ప్రతిదానికీ నోరు కట్టెయ్యకూడదండీ బావగారూ." అంతే. మళ్లీ ఎత్తలేదు. తిట్టి ఉంటే నేను ఒప్పేసుకునేవాణ్ణి. ఆ మజ్జిగ ముంత చేతిలో పెట్టి ఏడేళ్లు నన్ను పిరికివాణ్ణి చేశారు.

ఆ పొద్దున్న స్టేషను దగ్గర వర్తకుణ్ణి దిగమన్నాను. "అదేంటండీ, నేను పని మీద వచ్చాను!" అన్నాడు. జట్కా చూపించి బయల్దేరాను. గుండుగొలను వాలులో కాలు నొక్కాను. బండి నిలిచింది, లోపలున్నవాడికి తెలియకుండా.

నేను చేరేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. పాడె మోసినవాళ్లు ఆయన చేత నీళ్ల ఇంజిన్లు బాగుచేయించుకున్న రైతులు. మోటారు వాళ్లు ఒక్కరూ రాలేదు. రోడ్డు మీద ఒక బస్సు హారను కొడుతూ మమ్మల్ని దాటి పోయింది. ఆ దుమ్ము ఆయన మొహం మీద పడింది. ఒక రైతు తన తువ్వాలుతో దులిపాడు.

సాయంత్రం చెల్లెమ్మ దగ్గర కూర్చుని చెప్పేశాను. కందెన పెట్టింది నేనని. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది.

"తెలుసు అన్నయ్యగారూ. ఆ కండువా ఉతికింది నేనే గదా. ఆముదం వాసన నాకు తెలీదా ఏంటి? మూడు ఉతుకులైనా పోలేదు."

"మరి అడగలేదేంటమ్మా?"

"మీరే చెబుతారని ఆయన అన్నారు. ఇవాళ కాకపోతే రేపు చెబుతారు, మొండివాడు గానీ మంచివాడే అన్నారు."



మర్నాడే సంఘం ఆఫీసుకి వెళ్లి అధ్యక్షుడితో అంతా చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "పోయినాయన కోసం పాత పుస్తకాలు తిరగెయ్యమంటారా? అంత నిజమైతే ఏడేళ్లు నోట్లో ఏం పెట్టుకున్నారండీ?" అన్నాడు.

"సిగ్గండీ," అన్నాను. "ఇప్పుడు ఉమ్మేశాను. తీర్మానం కొట్టెయ్యండి."

చూద్దాం అన్నాడు. నాలుగు రోజులైంది, చూడలేదు.

అందుకని అందరూ చదివేలా ఇక్కడ సంఘం సభ్యుల్ని అడుగుతున్నాను. అధ్యక్షుడి తమ్ముడి చెయ్యి విరగ్గొట్టినవాణ్ణి నేను. నా లైసెన్సు తీసుకోండి, కోర్టుకి లాగండి, వస్తాను. మేస్త్రీ గారి పని మీద మీరు రాసిన ఆ రెండు పంక్తులు మాత్రం ఉండడానికి వీల్లేదు. వచ్చే ఆదివారం ఆయన పెద్దకర్మ. ఆ రోజు భోజనాలకి కూర్చునేవాళ్లలో ఒక్కరైనా, ఆ వాకిట్లో నిలబడి, ఆయన ఇల్లాలు వినేలా, ఆ తీర్మానం రద్దయిందని చదవాలి. చదవడానికి మీలో ఎవరు వస్తున్నారు? ఆ మనిషి పేరు శనివారం పొద్దు కుంకేలోగా నాకు తెలియాలి.