అయ్యగారు కనపడకూడని అద్దం

తోటి డ్రైవర్లు అతన్ని "మెడ" అంటారు. తొమ్మిదేళ్లుగా ఆ ఖరీదైన కారు నడుపుతూ ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు మరి. వెనక కూర్చునే అయ్యగారికి తెలిసింది కూడా ఆ మెడ ఒక్కటే. పనిలో చేరిన రోజే ఆయన, "మధ్యలో ఉన్న ఆ అద్దంలో నేను కనపడకూడదు. నీ ముందువాడు అందులో నన్నే చూస్తుండేవాడు, పంపించేశాను" అన్నారు. ఇతను చప్పున అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాడు. ఆనాటి నుంచి పక్క అద్దాలతోనే నెట్టుకొస్తున్నాడు. ఉద్యోగం అంటే అతనికి ప్రాణం. కారంటే ఇంకాస్త ఎక్కువ.

అలాంటిది శనివారం మధ్యాహ్నం, ఎండలో నిలిపిన కారు తలుపు తీసేసరికి ముందు గాజుకి అంటి ఉండాల్సిన ఆ అద్దం ఊడి సీటు మీద పడి ఉంది. కాడ కూడా చిట్లింది. అయ్యగారికి చెబితే, "దాన్నెందుకు ముట్టుకున్నావు?" అంటారు. ముట్టుకోలేదంటే ఎవరు నమ్ముతారు? ముందువాడి దారే తనదీ. సర్వీసు సెంటరుకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా, అద్దం ఒక్కటీ అతకరనీ, మొత్తం సెట్టు మార్చాలనీ, ఓనరుగారి సంతకం లేనిదే కుదరదనీ చెప్పింది.

ఆదివారం అయ్యగారు గడప దాటరు. కారు కడగాలన్న సాకుతో ఇతను భార్యను వెంటబెట్టుకుని షెడ్డులో దూరాడు. గాజు మీది పాత జిగురును బ్లేడుతో గీకాడు. బయటివైపు, ఆవిడ బట్టలు కత్తిరించేటప్పుడు వాడే సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. లోపల గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, కొత్త జిగురు రాసి, బొటనవేలితో నొక్కిపట్టి అరవై లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక ఇంకో అరవై.

అద్దం అంటుకుంది గానీ, కాడ చిట్లింది కదా, తల వాల్చేస్తోంది. అద్దం తిరిగే కీలులో కూడా జిగురు పోస్తే నిలుస్తుంది. కానీ పోశాక ఇక తిరగదు. ఎలాగూ ఇంత కష్టపడ్డాం కదా, పనిలో పనిగా వెనక గాజు పైఅంచు కనపడేలా పెట్టుకుందామని ఆశపడ్డాడు.

"వెనక కూర్చో, అయ్యగారిలా."

ఆవిడ చెప్పులు బయటే విడిచి ఎక్కింది. "అయ్యగారిలా అంటే ఎలా అండీ?"

"మాట్లాడకుండా."

ఆవిడ మూతి ముడుచుకుంది. రెండు క్షణాలకే, "కనపడుతున్నానా?" అంది.

"నుదురు కనపడుతోంది." కొంచెం పైకెత్తాడు. "ఇప్పుడు కనపడటం లేదు."

"అయితే పోసెయ్యండి."

పోసేశాడు. రాయిలా బిగిసింది. ఆవిడ అతని భుజం దాటదనీ, అయ్యగారు ఆరడుగుల పైమాటేననీ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

సోమవారం గేటు దాటాక తలెత్తి చూస్తే అద్దంలో వెనక గాజు లేదు, అయ్యగారు ఉన్నారు. నుదురు నుంచి గడ్డం దాకా, నిండుగా. ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. కాసేపు ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదటినుంచి. ఎవరినో తిట్టుకుంటున్నారు కాబోలనుకున్నాడు.

సిగ్నల్ దగ్గర ఇద్దరి చూపులూ కలిశాయి.

"ఆ అద్దం తిప్పు."

"తిరగదండి. ఊడిపోతే నేనే అంటించాను, కీలుతో సహా." తొమ్మిదేళ్లలో అతను ఆయనతో అన్న అతి పెద్ద మాట అది.

"నాలుగు రోజులుగా నీకో మాట చెప్పాలని చూస్తున్నాను. నీ మెడకి చెప్పడం తేలికనుకున్నాను. అదే చేతకాలేదు. ఇప్పుడు మొహం ఎదురుగా పెట్టావు."

"చెప్పండి."

"కారు అమ్మేశాను. ఒకటో తారీఖున తీసుకెళ్తారు. వాళ్లకి వాళ్ల డ్రైవరున్నాడు."

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. అతనికి ఏడుపొచ్చింది. దానికంటే ముందు ఒళ్లు మండింది.

"ఆ మాటేదో శుక్రవారమే చెప్పుంటే," అన్నాడు బ్రేకు మీంచి కాలు తీస్తూ, "నా ఆదివారం నాకు మిగిలేదండి."

నవ్వించడానికి అనలేదు. అయ్యగారూ నవ్వలేదు. ఆఫీసు చేరేదాకా ఇద్దరూ ఒకరికొకరు కనపడుతూనే ఉన్నారు.