కానాన్ మెరక మీద బావి

లైమన్ స్ట్రౌడ్ బావులు తవ్వేవాడు. నెబ్రాస్కా పడమటి కొసన, నదికి పద్దెనిమిది మైళ్ళ దూరంలో, బైబిల్లో దేవుడు మాటిచ్చిన నేల పేరే తెచ్చి కానాన్ అని పేరు పెట్టుకున్న మెరక మీద పదకొండేళ్ళు బతికాడు. ఆ పదకొండేళ్ళలో అతని మాట చెవినబెట్టినవాళ్ళు, భార్య హల్డా తప్ప, ఇంకెవరూ లేరనే చెప్పాలి.

పుట్టింది ఒహాయోలో. అతని తండ్రికి ఒకచోట నాలుగు పంటలు తీసేసరికి కాలు నిలిచేది కాదు. "సముద్రం దాకా ఈ నేల మనదేరా. దేవుడు మనకి రాసిచ్చాడు" అంటూ మళ్ళీ బండి కట్టేవాడు. ఆ దారిలో తల్లి ఇండియానాలో మట్టయింది, చెల్లెలు ఇల్లినాయిలో, చివరికి తండ్రి అయోవాలో. లైమన్ ఇల్లినాయిలో మేనమామ దగ్గర బావి పని నేర్చుకున్నాడు. అక్కడ పాతిక అడుగులు తవ్వితే నీళ్ళు. ఆ నేలనీ వదిలి, తండ్రిని తిట్టుకుంటూనే తండ్రి చేసిన పనే చేసి, 1885లో హల్డాతో కానాన్ చేరాడు. ఎందుకొచ్చావని అడిగితే సరైన జవాబు అతని దగ్గర కూడా ఉండేది కాదు. అందరూ వస్తున్నారు, వచ్చాడు.

మొదటి రెండేళ్ళూ వానలు విరగబడి కురిశాయి. మట్టిగడ్డలు పేర్చి కట్టిన చర్చిలో పాస్టర్ కల్వర్ ప్రతి ఆదివారం ఒకటే మాట చెప్పేవాడు. "నాగలి ఎక్కడికి పోతే వాన అక్కడికి వస్తుంది. దున్నని వాళ్ళ చేతిలోంచి తీసి, దున్నేవాళ్ళ చేతికి ఈ నేల ఇచ్చాడు దేవుడు. ఇచ్చినవాడు తడపడా?" మోసగాడు కాదు కల్వర్. తన మాట మీద తనకి అంత నమ్మకం ఉన్న మనిషి. లైమన్‌కి కోపం రావడానికి అదీ ఒక కారణమే. మోసగాడైతే తిట్టి ఊరుకునేవాడు.

ఊరుమ్మడి బావి ఎక్కడ తవ్వాలన్న మాట వచ్చినప్పుడు చర్చిలో అందరూ కూర్చున్నారు. స్థలాలు అమ్మే ఈనాక్ ప్రాట్ ఊరి నడిమధ్య మేకు పాతి వచ్చానన్నాడు. పాస్టర్ అక్కడ ప్రార్థన కూడా చేశాడట.

లైమన్ లేచాడు. "నీళ్ళు పల్లమెరుగు. ఈ మెరక కింద ఎంత తవ్వినా మట్టే. మైలు దూరంలో పల్లం ఉంది, అక్కడ తవ్వుదాం. ఊరు కూడా అక్కడికే జరుపుకుందాం."

"రేపు రైలు వచ్చేది ఈ మెరక మీదికయ్యా. గోతిలో ఊరు కడితే టికెట్టు కోసం పైకి పాకుతామా?" అన్నాడు ప్రాట్. అందరూ నవ్వారు.

"పానీ తెగ ఆదివాసులు ఎన్నో తరాలు ఇక్కడ వేటాడారు. ఈ మెరక మీద ఒక్క ఇల్లయినా కట్టారా? వేట అవగానే నదికి పోయేవాళ్ళు. వాళ్ళకి తెలివి లేకనా?" అన్నాడు లైమన్.

"అందుకే సహోదరా, ఇవాళ ఇక్కడ వాళ్ళు లేరు. మనం ఉన్నాం" అన్నాడు పాస్టర్, చాలా మెత్తగా.

వాళ్ళంతట వాళ్ళు పోలేదని, పంపించేశారని ఆ గదిలో అందరికీ తెలుసు. లైమన్ నోరు తెరిచాడు. ఎవరూ తనవైపు చూడటం లేదని గమనించి కూర్చున్నాడు.

మేకు పాతిన చోటే తవ్వాడు. తవ్వేవాడు మరొకడు లేడు. హల్డా పైన గుర్రాన్ని నడిపిస్తూ గిలక మీద మట్టి బకెట్లు లాగేది. నూటనలభై అడుగుల దగ్గర పసుపు మట్టి, నూటడెబ్భై దగ్గరా అదే మట్టి. రోజూ పొద్దున్నే కొవ్వొత్తి వెలిగించి బకెట్లో కిందికి దింపేవాళ్ళు. అది ఆరిపోతే లోపల చెడ్డగాలి ఉన్నట్టు, దిగకూడదు. నాలుగుసార్లు ఆరిపోయింది. ఆ బావిలోనే లైమన్‌కి దగ్గు పట్టుకుంది.

రెండువందల పన్నెండు అడుగుల దగ్గర పైకొచ్చి పార పడేశాడు. "ఇక నావల్ల కాదు."

"విశ్వాసం ఇంకో పది అడుగులు అడుగుతుందేమో, లైమన్" అన్నాడు పాస్టర్.

"ఆ పది అడుగులూ మీరు దిగండి అయ్యగారూ, తాడు నేను పట్టుకుంటాను" అంది హల్డా.

తర్వాతి వసంతంలో ప్రాట్ కొత్తవాళ్ళని నాలుగు బండ్లలో తీసుకొచ్చాడు. లైమన్ వెళ్ళేసరికి వాళ్ళు ఆ బావి చుట్టూ నిలబడి ఉన్నారు. బకెట్ నిండా నీళ్ళొచ్చాయి. ఆడవాళ్ళు చేతులతో తాగి చూస్తున్నారు. మూడు రోజులుగా ప్రాట్ మనుషులు నదికి ఖాళీ పీపాలతో ఎందుకు పోతున్నారో లైమన్‌కి అప్పుడు తెలిసింది.

కొత్తవాళ్ళలో ఏసా విట్‌కోంబ్ అని ఒకడు, ఇల్లినాయి రైతు. లైమన్ అతన్ని పక్కకి తీసుకెళ్ళాడు. "ఇది నేను తవ్విన బావి తమ్ముడూ. ఇందులో చుక్క పడలేదు. ఆ నీళ్ళు పోసినవి."

విట్‌కోంబ్ బండి మీద కూర్చున్న ఇద్దరు కూతుళ్ళని చూశాడు. "ఇల్లూ వాకిలీ అమ్ముకుని వచ్చాను, అన్నా. నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. ఇప్పుడు చెప్పకు." వెళ్ళి స్థలం కాగితం మీద సంతకం పెట్టాడు.

లైమన్ తిన్నగా పాస్టర్ ఇంటికి పోయాడు. ఆ సంగతి పాస్టర్‌కి తెలీదు. విని మొహం పాలిపోయింది. ఈ ఒక్కసారైనా నోరు విప్పుతాడని లైమన్ ఆశపడ్డాడు. ఆదివారం మాత్రం పాస్టర్ అన్నది ఇంతే: దేవుడు ఇవ్వబోయేదాన్ని కొందరు తొందరపడి ముందే చూపిస్తారు.

అప్పటిదాకా ఊరు వాన నీళ్ళతో, నది నుంచి తెచ్చుకున్న పీపాలతో నెట్టుకొచ్చింది. 1890లో మే తర్వాత వాన లేదు. పాత కోపం మళ్ళీ రేగి లైమన్, ఎవరినీ అడగకుండా, హల్డాతో కలిసి పల్లంలో తవ్వాడు. తొంభైనాలుగు అడుగులకి నీళ్ళు పడ్డాయి, చల్లటి, తియ్యటి నీళ్ళు. మర్నాటికల్లా ఊరంతా పీపాలు దొర్లించుకుంటూ దిగింది. పాస్టర్ బావి పక్కన మోకరించి, మన ప్రార్థన విన్నావు తండ్రీ అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"నాలుగేళ్ళ కిందటే చెప్పాను అయ్యగారూ, చర్చిలో నిలబడి చెప్పాను" అన్నాడు లైమన్.

జనం అతన్ని గర్విష్ఠిని చూసినట్టు చూశారు. హల్డా అతని చొక్కా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "పోనీలేవయ్యా. నీళ్ళైతే తాగుతున్నారుగా."

"నీళ్ళు తాగుతున్నారు. మాటే దిగడం లేదు."

ఒక్క బావి మనుషులకీ పశువులకీ చాలింది, పొలాలకి చాలుతుందా? 1894 జులైలో వడగాలి మూడు రోజులు వీచి, నిలువెత్తు మొక్కజొన్నని కాగితంలా ఎండగొట్టింది. రైలు ఎక్కడో ఉత్తరాన వేరే దారిలో పోయింది. ప్రాట్ అంతకు ముందే మాయమయ్యాడు. ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయింది.

విట్‌కోంబ్ బండి నీళ్ళు నింపుకోవడానికి పల్లంలో ఆగింది. పెద్దకూతురు బండిలో లేదు, అంతకు ముందు చలికాలం జ్వరంతో పోయింది.

"ఇల్లినాయికేనా?" అని అడిగాడు లైమన్.

"కాదన్నా, ఇంకా పడమటికి, ఒరెగాన్‌కి. దేవుడు పిలిచింది అక్కడికే. మనం మధ్యలో ఆగిపోయాం, అదే మన తప్పు."

లైమన్‌కి గొంతు దాకా మాటలొచ్చాయి. దగ్గు తెర వచ్చి అవన్నీ కొట్టుకుపోయాయి. దగ్గు తగ్గాక, బండి చక్రాలకి నూనె లేదని చూసి, తన డబ్బా తెచ్చి రాసి పంపించాడు.

రెండేళ్ళ తర్వాత పాస్టర్ కూడా పడమటి కొండలవతల కొత్త సంఘం పిలిచిందని వెళ్ళిపోయాడు. ఆ వారమే లైమన్‌కి ఐడహో నుంచి బావమరిది ఉత్తరం వచ్చింది. ఇక్కడ బావి తవ్వేవాళ్ళు లేరు బావా, నీళ్ళు చేతికందుతున్నాయి, వచ్చెయ్యి అని. లైమన్ అది నాలుగుసార్లు చదివాడు. ఐదోసారి చదువుతుంటే హల్డా చూసింది.

"పడమరేనా?" అంది.

అతను ఉత్తరం మడిచాడు. బండి కట్టే రోజు తండ్రి ఒంట్లో పుట్టే హుషారు ఇప్పుడు తన ఒంట్లోనూ పుట్టిందని అతనికి తెలుసు. ఇంతకాలం ఊరినంతా తిట్టాడు. తనలోనూ అదే ఉందని తెలిసి అంతకంటే ఎక్కువ విసుగొచ్చింది.

"ఈసారి నువ్వొక్కడివే పోవాలి, నేను నది దగ్గరికి పోతాను" అంది హల్డా.

ఉత్తరం పొయ్యిలో పెట్టాడు. తూర్పున నదీ తీరపు ఊళ్ళో పంపులు బాగుచేస్తూ ఐదేళ్ళు బతికి, ఆ దగ్గుతోనే పోయాడు. హల్డా చాలాకాలం ఉంది. కానాన్ గురించి ఎవరైనా అడిగితే, "అక్కడ గాలి ఎక్కువ" అని ఊరుకునేది.