పెట్టె దొరకని ఆదివారం

మా అన్న మిలిట్రీ నుంచి వచ్చాక బొంబాయిలో ఒక బ్యాంకు దగ్గర కాపలాకు కుదిరాడు. లైసెన్సుతో సొంత తుపాకీ ఉన్నవాళ్లకే ఆ ఉద్యోగం. మేము లాల్‌దర్వాజాలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. డెబ్బయిల చివర్లో, ఒక ఎండాకాలం శనివారం, బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే మా నాన్న, బాపు, పనిలోనే కుప్పకూలాడు. అన్నకు టెలిగ్రాం కొట్టాం. ఆదివారం తెల్లవారేసరికి బాపు పోయాడు.

పొద్దున్నే గల్లీ చివరి కిరాణా దుకాణానికి అన్న ఫోన్ చేశాడు. నేను పరుగెత్తాను.

"చెల్లే, బాపుకు ఎట్లుంది?"

నేను ఏడ్చేశాను. అన్నకు అర్థమైంది.

"మధ్యాహ్నం విమానానికి టికెట్ దొరికింది. నేనొచ్చేదాక బాపును తీస్కపోకుండ్రి."

బాపును మంచు దిమ్మెల మీద పడుకోబెట్టాం. మూడయింది, ఐదయింది. ఆటో చప్పుడైనప్పుడల్లా కొడుకు వచ్చాడేమోనని అవ్వ లేచి నిలబడేది.

"ఇగ ఆపొద్దు. పొద్దు గూకుతున్నది" అన్నాడు పెదబాపు.

తమ్ముడే బాపుకు నిప్పు పెట్టాడు.

అన్న సోమవారం పొద్దున రైల్లో వచ్చాడు, చేతిలో రెండు తాళాలు వేసిన కొత్త రేకు పెట్టెతో. వాకిట్లోనే కూలబడ్డాడు.

"విమానం కాడ, తుపాకీ సంచిల ఉంటె మేం తీస్కోము అన్నరు. తూటాలు వేరే కట్టాలె, తుపాకీని గట్టి పెట్టెల వెట్టి తాళమెయ్యాలె అన్నరు. ఆదివారమాయె, దుకాణాలన్ని బంద్. పెట్టె దొరికేసరికి విమానం ఎల్లిపోయింది."

"దాన్ని ఆడనే ఇడిసి రాకపోతివా, కొడుకా?" అంది అవ్వ.

"ఏడ ఇడువాలె అవ్వా? గదిల ఆరుగురం ఉంటం. నా పేరు మీదున్న తుపాకీ. ఎవని చేతిలనన్న వడితే?"

అవ్వ లేచి అన్నకు చెంబుతో నీళ్లిచ్చింది. అన్న చేసింది తప్పని నేనూ అనుకోలేదు. అయినా ఆ పెట్టెను చేత్తో ముట్టలేక, కాలితో మంచం కిందికి తోశాను.

పదో రోజు, నిప్పు పెట్టినవాడే పిండం పెట్టాలన్నారు అయ్యగారు. తమ్ముడు అన్న వైపు చూశాడు.

"నువ్వే వెట్టురా" అని అన్న నీళ్లు తేవడానికి వెళ్లాడు. పిండం పెట్టడం అయ్యాకే తిరిగొచ్చాడు; బిందె నిండడానికి అంతసేపు పట్టదు.

మూడేళ్ల తర్వాత తుపాకీ అమ్మేసి, బొంబాయి వదిలి వచ్చేశాడు. బాపు ముఖం చివరికి ఎట్లుండెనని నన్ను ఒకే ఒక్కసారి అడిగాడు.

"పండుకున్నట్టే ఉండె అన్నా" అన్నాను.

నోరు ఒక పక్కకు వంకరపోయిందని చెప్పలేదు.